ఎల్ బుల్లి: సగం ఏడాది తలుపులు మూసుకున్న రెస్టారెంటు

స్పెయిన్‌లోని కటలోనియా తీరంలో 2011 దాకా నడిచిన ఎల్ బుల్లి రెస్టారెంటును గత సంచికలో క్లుప్తంగా ప్రస్తావించాం. ఏడాదిలో సుమారు ఆరు నెలలు మూసి ఉంచి, తెరిచిన నెలల్లోనూ రాత్రి భోజనం మాత్రమే వడ్డించిన చోటుకు ప్రపంచంలోకెల్లా ఉత్తమ రెస్టారెంటన్న పేరు ఎలా వచ్చిందని పాఠకులు పలువురు అడిగారు. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి, ఈసారి శీర్షికను పూర్తిగా ఎల్ బుల్లికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: పేరుమోసిన రెస్టారెంట్లన్నీ మహానగరాల్లోనే ఉంటాయనుకుంటాం. ఊరికి దూరంగా, కొండదారి చివర ఇంతటి రెస్టారెంటు ఎలా వెలిసింది? దాన్ని స్థాపించింది దానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చిన చెఫ్ ఫెర్రాన్ అద్రియాయేనా?

జవాబు: కాదు. అద్రియా పుట్టింది 1962లో. అంతకు ముందు సంవత్సరమే హాన్స్ షిల్లింగ్ అనే జర్మన్ వైద్యుడు, ఆయన భార్య మార్కెటా, రోజెస్ పట్టణానికి ఏడు కిలోమీటర్ల దూరంలో కాలా మోంజోయ్ అనే చిన్న సముద్రపు ఒంపు పక్కన మినీ గోల్ఫ్ ఆట స్థలం పెట్టాలని సంకల్పించారు. ఆటకు వచ్చేవారి కోసం, ఈతకు దిగేవారి కోసం అక్కడొక బారు తెరిచారు. అది 1964 నాటికి మాంసాన్నీ చేపలనూ నిప్పుల మీద కాల్చి వడ్డించే భోజనశాల అయింది. దంపతులు పెంచుకున్న బుల్‌డాగ్ జాతి కుక్కల ముద్దుపేరే దానికి స్థిరపడింది. షిల్లింగ్ భోజనప్రియుడు. యూరప్‌లో తాను తిరిగిన గొప్ప రెస్టారెంట్ల స్థాయికి దీన్ని తీసుకురావాలన్న పట్టుదలతో మంచి వంటవాళ్లను వెతికి తెచ్చుకున్నాడు. జాన్ లూయీ నైషెల్ ప్రధాన చెఫ్‌గా ఉండగా 1976లో మొదటి మిషెలిన్ స్టార్ వచ్చింది (ఫ్రాన్స్‌కు చెందిన మిషెలిన్ గైడు గొప్ప రెస్టారెంట్లకు ఇచ్చే గుర్తింపు ఇది, అత్యధికం మూడు స్టార్లు). అంటే అద్రియా ఆ గడప తొక్కేనాటికే అది అనామకమైన చోటు కాదు. ఆయన సున్నా నుంచి మొదలుపెట్టాడని తరచుగా రాస్తుంటారుగానీ, అది షిల్లింగ్‌కు చేసే అన్యాయం.

1981లో జూలి సోలెర్ మేనేజరుగా చేరాడు. రాక్ సంగీతమంటే చెవికోసుకునే ఈ మనిషికి అతిథులను ఆదరించడంలోనూ, పనిమంతులను పసిగట్టడంలోనూ గట్టి నేర్పు ఉండేది. ఇక అద్రియా వంట వృత్తిలోకి వచ్చింది యాదృచ్ఛికంగానే. ఇబీసా దీవిలో సెలవులు గడపడానికి డబ్బు కూడబెట్టుకోవాలని 1980లో కాస్టెల్‌డెఫెల్స్‌లోని ఒక హోటల్లో గిన్నెలు కడిగే పనికి కుదిరాడు. అక్కడి చెఫ్ ఆయన చేత సంప్రదాయ వంటల పాఠ్యగ్రంథాన్ని దాదాపు కంఠతా పట్టించాడు. ఆ తరువాత నిర్బంధ సైనిక సేవలో భాగంగా కార్తహేనాలో నౌకాదళ అధికారి వంటశాలలో పనిచేస్తూ, 1983 ఆగస్టులో తనకు దొరికిన సెలవును ఎల్ బుల్లిలో శిక్షణకు వాడుకున్నాడు. మరుసటి సంవత్సరం ఉద్యోగిగా చేరాడు. అదే సంవత్సరం చివర ప్రధాన చెఫ్ వెళ్లిపోవడంతో, క్రిస్టియన్ లుతోతో కలిసి వంటశాల బాధ్యత తీసుకున్నాడు. 1987 నుంచి ఆ బాధ్యత ఆయన ఒక్కడిదే.

ఆ 1987లో జరిగిన రెండు విషయాలు తరువాతి కథనంతటినీ నడిపించాయి. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో నెగ్రెస్కో హోటల్ చెఫ్ జాక్ మాక్సిమాన్ మాట్లాడుతూ, సృష్టించడమంటే అనుకరించకపోవడమని అన్న మాట అద్రియా చెవిన పడింది. అప్పటివరకు ఎల్ బుల్లి వంట ప్రధానంగా ఫ్రెంచ్ చెఫ్‌ల బాటలోనే సాగింది. ఆ వంటల పుస్తకాలను పక్కన పెట్టేయాలని అద్రియా నిర్ణయించుకున్నాడు. రెండోది మరీ లౌకికమైనది. వేసవి ముగిసిందంటే రోజెస్ తీరం ఖాళీ అవుతుంది, ఆ వంకర టింకర కొండదారిలో శీతకాలం భోజనానికి వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉండేవారు. బేరం లేని రోజుల్లో జీతాలూ కరెంటు ఖర్చూ భరించడం దండగని, ఏడాదిలో సుమారు ఐదు నెలలు మూసివేయాలని తీర్మానించారు. పొదుపు కోసం చేసిన ఈ ఏర్పాటే ఎల్ బుల్లిని ఎల్ బుల్లిగా మలిచిందని నా అభిప్రాయం. సాధారణంగా చెఫ్‌కు కొత్త వంటకం ఆలోచించడానికి దొరికేది మధ్యాహ్నం వడ్డనకూ రాత్రి వడ్డనకూ నడుమ మిగిలే కొద్ది సమయమే. అద్రియాకు మాత్రం నెలల తరబడి తీరిక దొరికింది. దాన్ని ఆయన విశ్రాంతికి కాక ప్రయోగాలకు వాడుకున్నాడు.

1990లో అద్రియా, సోలెర్ కలిసి రెస్టారెంటును షిల్లింగ్ నుంచి కొనుగోలు చేశారు. మధ్యలో చేజారిన రెండో మిషెలిన్ స్టార్ ఆ ఏడాదే తిరిగి దక్కింది. 1993లో చేతికందిన డబ్బంతా పెట్టి కొత్త వంటశాల కట్టించారేగానీ భోజనాల గదిని దాదాపుగా ముట్టుకోలేదు. ప్రపంచంలోకెల్లా అధునాతనమైన వంటను అతిథులు చివరిదాకా రాతిగోడలు, చెక్క దూలాలు ఉన్న పాతకాలపు పల్లె ఇంటిలాంటి గదిలోనే కూర్చుని తిన్నారు. వారు ఎటు మొగ్గారో ఈ ఒక్క నిర్ణయమే చెబుతుంది. మూడో స్టార్ 1997లో వచ్చింది.

ప్రశ్న: నురుగులు, నోట్లో పేలే ఆలివ్ కాయలు అంటూ వింటున్నాం. వాటిని అసలు ఎలా చేసేవారు? ఇదంతా వంటా, రసాయన శాస్త్రమా? ఆరోగ్యానికి హాని లేదా?

జవాబు: ముందు నురుగు సంగతి చూద్దాం. మీగడను గిలకొట్టి, లేదా గుడ్డులోని తెల్లసొనను గిలకొట్టి నురుగు తెప్పించడం వంటవాళ్లకు తరతరాలుగా తెలిసినదే. కానీ ఆ రెండింటిలో ఏది వాడినా అసలు పదార్థం రుచి పలచబడుతుంది. మీగడను గ్యాస్‌తో పొంగించే సైఫన్ సీసాలో మీగడకు బదులు కూరగాయల రసమో గుజ్జో పోసి, నిలకడ కోసం కాస్త జెలటిన్ కలిపి, నైట్రస్ ఆక్సైడ్ వాయువుతో వదిలితే ఆ పదార్థం తన రుచితోనే గాలిలా తేలికవుతుందని 1994లో ఎల్ బుల్లి వంటశాల నిరూపించింది. అలా వడ్డించిన తొలి నురుగు తెల్ల చిక్కుడు గింజలతో చేసినది. దాన్ని ముళ్ల గుల్ల ఉండే సముద్ర జీవి అర్చిన్ గుల్లలో నింపి, అర్చిన్ మాంసంతో కలిపి ఇచ్చారు. అదే ఏడాది వచ్చిన మరో వంటకం నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైనది. కూరగాయలన్నింటినీ కలిపి వండే సాధారణ స్పానిష్ వంటకాన్ని తీసుకుని, అందులో ఒక్కొక్కదాని రూపాన్ని ఒక్కో విధంగా మార్చారు. బీట్‌రూట్ నురుగుగా, కాలీఫ్లవర్ మూస్ అనే మెత్తటి ముద్దగా, టమాటో గుజ్జుగా, బేసిల్ ఆకు జెల్లీగా, బాదం సోర్బే అనే మంచు ముద్దగా ఒకే పళ్లెంలోకి వచ్చాయి. తినేవారికి తెలిసిన రుచులే తెలియని స్పర్శతో ఎదురయ్యాయి. తరువాతి పదిహేడేళ్ల ప్రయోగాలకు మూలసూత్రం ఇదేననుకోవచ్చు.

ఇక ఆలివ్ కాయల్లా నోట్లో పేలే గోళీల సంగతి. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ అనే పొడి నీటిలో కరుగుతుంది, కాల్షియం తగిలితే చాలు గడ్డకడుతుంది. ఆహార పరిశ్రమ ఈ గుణాన్ని దశాబ్దాలుగా వాడుకుంటూనే ఉంది. ఎల్ బుల్లి బృందం 2003లో దాన్ని భోజనాల బల్ల మీదికి తెచ్చింది. ఆల్జినేట్ కలిపిన కర్బూజ రసాన్ని కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో చుక్కలు చుక్కలుగా జారవిడిస్తే, ప్రతి చుక్క చుట్టూ పలుచని పొర ఏర్పడి చేపగుడ్లవంటి నారింజరంగు పూసలు తయారయ్యాయి. వాటిని చేపగుడ్లు అమ్మే రేకు డబ్బాల వంటి డబ్బాల్లోనే పెట్టి వడ్డించడంలో వారి కొంటెతనం కనిపిస్తుంది. అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. నీళ్లలోంచి తీసిన తరువాత కూడా గడ్డకట్టడం లోపలికి సాగుతూనే ఉంటుంది కాబట్టి, కొద్దిసేపటికే గోళీ మొత్తం జెల్లీ ముద్దవుతుంది. పైగా కాల్షియం ఉన్న పాల పదార్థాలకు ఇది అసలే పనికిరాదు. రెండేళ్ల తరువాత క్రమాన్ని తిరగేశారు. కాల్షియాన్ని రసంలో కలిపి, ఆల్జినేట్‌ను బయటి నీళ్లలో ఉంచారు. పొర బయటివైపు ఏర్పడుతుంది, శుభ్రమైన నీటిలో ముంచి కడగగానే గడ్డకట్టడం ఆగిపోతుంది, లోపలి రసం రసంగానే మిగులుతుంది.

2005లో వచ్చిన ఆలివ్ కాయ ఈ పద్ధతి ఫలితమే. పచ్చి ఆలివ్ కాయల గింజలు తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టిన రసానికి కాల్షియం లవణమూ, చిక్కదనానికి జాంథాన్ బంకా కలుపుతారు. గుండ్రటి చెంచాతో ఆ రసాన్ని ఆల్జినేట్ నీళ్లలోకి మెల్లగా ఒంపితే ఆలివ్ ఆకారంలో బొద్దుగా నిలుస్తుంది. కొద్ది నిమిషాల తరువాత చిల్లుల గరిటెతో దేవి, కడిగి, నారింజ తొక్క, థైమ్ వంటి సుగంధ ద్రవ్యాలు వేసిన ఆలివ్ నూనె జాడీలోకి జారవిడుస్తారు. జాడీని బల్ల దగ్గరికే తెచ్చి, అతిథి ముందు ఒక్కొక్కటే చెంచాలోకి తీసి ఇచ్చేవారు. కొరకడానికి వీల్లేదు, మొత్తంగా నోట్లో వేసుకుని నాలుకతో అంగిలికి ఒత్తితే పొర చిట్లి, కాయకంటే గాఢమైన ఆలివ్ రసం నోరంతా పరుచుకుంటుంది. గారడీకి గారడీగా చేసింది కాదిది. ఆలివ్ రుచినే అసలు ఆలివ్ కంటే సూటిగా అందించే ప్రయత్నం.

హాని విషయానికొస్తే, ఇదే ప్రశ్నను 2008లో స్పెయిన్‌లోని మరో మహా చెఫ్ సాంతి సాంతామరియా బహిరంగంగా లేవనెత్తాడు. ఆయన మూడు మిషెలిన్ స్టార్లు సంపాదించిన మొట్టమొదటి కటలాన్ చెఫ్. చిక్కదనం కోసం ఆహారంలో కలిపే మిథైల్ సెల్యులోజ్ వంటి పదార్థాలను అతిథులకు చెప్పకుండా పెట్టడం సరికాదన్నది ఆయన వాదన. చెఫ్‌ల లోకం దాదాపుగా ఆయనకు ఎదురుతిరిగింది. నిజానికి ఆల్జినేట్, మిథైల్ సెల్యులోజ్ రెండూ యూరప్‌లో ఆహారంలో వాడేందుకు అనుమతి ఉన్నవే, ఐస్‌క్రీములోనూ సాసుల్లోనూ మనకు తెలియకుండానే తింటున్నవే. ఆ కోణంలో చూస్తే సాంతామరియా భయం అతిగా కనిపిస్తుంది. కానీ పళ్లెంలో ఏముందో తెలుసుకునే హక్కు అతిథికి ఉందన్న మాట మాత్రం కొట్టిపారేయదగినది కాదు. దానికి దీటైన జవాబు అప్పట్లో వచ్చిందని నేననుకోను. అద్రియా పక్షం వైఖరి ఏమిటంటారా, 2006లోనే అద్రియా, చెఫ్‌లు హెస్టన్ బ్లూమెంతాల్, థామస్ కెల్లర్, ఆహార శాస్త్ర రచయిత హెరాల్డ్ మెక్‌గీ కలిసి ఒక ప్రకటన చేశారు. కొత్త పరికరాలు, పదార్థాలు సాధనాలేగానీ లక్ష్యాలు కావనీ, శ్రేష్ఠమైన దినుసులూ సంప్రదాయ పరిజ్ఞానమే తమకు పునాదులనీ అందులో పేర్కొన్నారు.

ప్రశ్న: ఒక్క సీజన్‌కు ఇరవై లక్షల మంది చోటు అడిగేవారని చదివాను. అంత గిరాకీ ఉండి కూడా రెస్టారెంటు నష్టాల్లో నడిచిందంటే నమ్మేదెలా?

జవాబు: లెక్క చూస్తే నమ్మక తప్పదు. రాత్రికి యాభై మంది చొప్పున, ఒక్క పూట, ఏడాదిలో సగం కంటే తక్కువ రోజులు. వెరసి సీజన్‌కు దాదాపు 8,000 కుర్చీలు. పానీయాలు కాకుండా మనిషికి సుమారు 250 యూరోలు తీసుకున్నా, ముప్పైకి పైగా చిన్న చిన్న వంటకాలతో సాగే ఆ విందును సిద్ధం చేయడానికి వంటశాలలోనూ వడ్డనలోనూ కలిపి అతిథుల కంటే ఎక్కువ మందే పనిచేసేవారు. దీనికి తోడు, మూసి ఉన్న నెలల్లో బార్సెలోనాలో బొకేరియా మార్కెట్ సమీపంలోని ప్రయోగశాల ఖర్చు ఉండనే ఉంది. పైసా రాబడి లేని ఆ ప్రయోగశాలలో ఫెర్రాన్, ఆయన తమ్ముడు అల్బెర్త్ అద్రియా, ఓరియోల్ కాస్త్రో తదితరులు ఒక్కో పదార్థం మీద వందలాది ప్రయత్నాలు చేసి, ప్రతిదాన్నీ ఫొటోతో సహా నమోదు చేసేవారు. వాటిలో చాలా భాగం ఎన్నడూ వడ్డనకు రాలేదు.

ఇంత గిరాకీ ఉన్నప్పుడు ధరను నాలుగింతలు చేసినా కుర్చీలు నిండేవే. అలా చేయడం వారికి ఇష్టం లేకపోయింది. నష్టాన్ని పుస్తకాలు, ఉపన్యాసాలు, ఆహార సంస్థలకు ఇచ్చిన సలహాల ద్వారా వచ్చిన ఆదాయంతో పూడ్చుకున్నారు. ఒకరకంగా చెప్పాలంటే రెస్టారెంటు ఆలోచనలను పుట్టించేది, ఆదాయం మరోచోట నుంచి వచ్చేది. బ్రిటన్‌కు చెందిన రెస్టారెంట్ పత్రిక ప్రకటించే ప్రపంచ ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో 2002లో ఒకసారి, 2006 నుంచి 2009 దాకా వరుసగా నాలుగుసార్లు ఎల్ బుల్లి మొదటి స్థానంలో నిలిచింది. ఆ కీర్తే దాని అసలు పెట్టుబడి.

ప్రశ్న: అక్కడ పనిచేసిన యువ వంటవాళ్లకు జీతం ఇచ్చేవారు కాదట. నిజమేనా?

జవాబు: శిక్షణకు వచ్చినవారి వరకు నిజమే. ప్రతి సీజన్‌కు వేల దరఖాస్తుల నుంచి ఎంపికైన ముప్పై, నలభై మంది వివిధ దేశాల యువకులు వసతి, భోజనం మాత్రమే పొంది ఆరు నెలలు పనిచేసేవారు. వారి పనిలో అధిక భాగం వేల కొద్దీ పైన్ గింజలను వొలవడం, పూల రేకులను పటకారుతో పేర్చడం వంటి విసుగుపుట్టించే పునరావృతమే. యూరప్‌లోని గొప్ప వంటశాలలన్నింటిలోనూ ఈ ఆనవాయితీ ఉందన్నది సమర్థనగా చెబుతారు. తరువాత పేరుమోసిన చెఫ్‌లైన రెనే రెడ్జెపి, మాస్సిమో బొట్టూరా, హోసే ఆంద్రెస్, ఆందోని లూయిస్ అదురిస్ ఆ వంటశాలలో గడిపినవారే కాబట్టి, అక్కడి అనుభవానికి విలువ లేదనలేం. అయినా, ఆ యాభై మంది విందు ధర 250 యూరోల దగ్గర ఆగడానికి ఈ జీతం లేని చేతులు కూడా ఒక కారణమన్నది మరువరాదు. ధర పెంచకపోవడాన్ని మెచ్చుకునేవారు ఆ భారాన్ని మోసిందెవరో కూడా చెప్పాలి.

ప్రశ్న: ఒక వంటవాడిని కళా ప్రదర్శనకు పిలిచారని విన్నాం. ఏం ప్రదర్శించాడు?

జవాబు: ఏమీ తరలించలేదు. 2007లో జర్మనీలోని కాసెల్ నగరంలో డాక్యుమెంటా అనే సమకాలీన కళా ప్రదర్శన జరిగిన వంద రోజులూ ఎల్ బుల్లినే ఆ ప్రదర్శనలో ఒక మంటపంగా ప్రకటించారు. ప్రతిరోజూ సందర్శకుల్లో ఇద్దరిని ఎంపిక చేసి, రాత్రి భోజనానికి కాలా మోంజోయ్‌కు పంపించారు. వంటకాన్ని తెచ్చి అద్దాల పెట్టెలో పెడితే అది చల్లారిన కూడు అవుతుందేగానీ కళ కాదన్న గ్రహింపు ఇందులో ఉంది. వంట కళా కాదా అన్న చర్చ అప్పుడు పత్రికల్లో తెగ నడిచింది, పెద్దగా తేలిందేమీ లేదు.

ప్రశ్న: కీర్తి శిఖరాన ఉండగా ఎందుకు మూసేశారు? ఇప్పుడు వెళితే అక్కడ భోజనం దొరుకుతుందా?

జవాబు: మూసివేత గురించి అద్రియా 2010 జనవరిలో మాడ్రిడ్‌లో ప్రకటించాడు. మొదట రెండేళ్ల విరామమన్నారు, ఆ తరువాత రెస్టారెంటుగా ఇక తెరవబోమనీ, పరిశోధనా సంస్థగా మారుస్తామనీ స్పష్టం చేశారు. నష్టాలే కారణమని కొందరు రాశారు. నష్టాలు అప్పటికి పదేళ్లుగా ఉన్నవే కాబట్టి అదొక్కటే కారణం కాజాలదు. మూసి ఉంచే నెలలతో మొదలైన తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లారని నాకనిపిస్తుంది. శీతకాలం మూసివేత మొదట ఖాళీ రోజులను వదిలించుకోవడానికి వచ్చింది. ఆ తరువాత ప్రయోగాల కోసం మధ్యాహ్నం భోజనాన్ని వదులుకున్నారు, అతిథి ఎంచుకునే మెనూను తీసేసి అందరికీ ఒకే విందు పెట్టారు, శరత్కాలపు పుట్టగొడుగులూ వేట మాంసమూ చేతికందాలని 2009లో సీజన్‌నే జూన్ నుంచి డిసెంబరు దాకా జరిపారు. ప్రతి మార్పుతోనూ వడ్డన తగ్గింది, అన్వేషణ పెరిగింది. అన్వేషణే ప్రధానమని నమ్మినవారు చివరికి వడ్డనను పూర్తిగా వదులుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఏటా పూర్తిగా కొత్త మెనూ సృష్టించాలన్న నియమం మనుషులను ఎంతగా అలసగొట్టి ఉంటుందో కూడా ఊహించవచ్చు.

2011 జూలై 30 రాత్రి చివరి విందు జరిగింది. తమ వంటకాలకు తేదీ, వరుస సంఖ్య వేసి భద్రపరచడం వారి అలవాటు కాబట్టి, ఆ రాత్రి చివరిగా వచ్చిన పీచ్ మెల్బా (పీచ్ పండు, ఐస్‌క్రీముతో చేసే తీపి వంటకం) రూపాంతరం 1,846వదని కచ్చితంగా చెప్పగలిగారు. ఆ పీచ్ మెల్బాను తొలిసారి లండన్‌లో సృష్టించిన ఆధునిక ఫ్రెంచ్ వంట పితామహుడు ఆగస్ట్ ఎస్కోఫియే పుట్టింది 1846లోనే. లెక్క కుదిరేలా చూసుకున్నారనడంలో సందేహం లేదు.

జూలి సోలెర్ 2015లో మరణించాడు. కాలా మోంజోయ్ చుట్టుపక్కల ప్రాంతం కాప్ దె క్రెయుస్ రక్షిత వనంలో భాగం కావడంతో, విస్తరణ ప్రణాళికను పర్యావరణవాదులు వ్యతిరేకించారు, దాన్ని కుదించుకోవలసి వచ్చింది. ఎట్టకేలకు 2023 జూన్‌లో ఎల్ బుల్లి 1846 పేరుతో మ్యూజియంగా ప్రజలకు తెరిచారు. పాత వంటశాల, భోజనాల గది, నమోదు చేసిన వంటకాల చరిత్ర చూడవచ్చుగానీ, అక్కడ భోజనం పెట్టరు. ఆ వంట పరంపరను రుచి చూడాలనుకునేవారు బార్సెలోనాలోని దిస్‌ఫ్రుతార్‌కు వెళ్లవలసి ఉంటుంది. ఎల్ బుల్లిలో అద్రియా కుడిభుజాలుగా పనిచేసిన ఓరియోల్ కాస్త్రో, ఎడ్వర్డ్ శాత్రుక్, మతేయు కసాన్యాస్ 2014లో దాన్ని ప్రారంభించారు. ఎల్ బుల్లి ఐదుసార్లు మొదటి స్థానంలో నిలిచిన ఆ ప్రపంచ ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలోనే 2024లో అది మొదటి స్థానం పొందింది. చోటు కోసం చాలా నెలల ముందే ప్రయత్నించాలి.